యూరియా బస్తాలోని దీపము

ఇత్తడి పాత్రలకు కళాయి వేయువారు వీధివీధినా తిరిగిన దినములను పెద్దలు మరచియుండరు. నేలలో చిన్న గుంట త్రవ్వి, తిత్తితో బొగ్గులను రగిల్చి, పాత్రను బాగుగ కాచి, లోపల చిటికెడు నవాసారము చల్లి, తగరమును తాకించి గుడ్డతో రుద్దుచుండెడివారు. గుప్పున తెల్లని పొగ లేచెడిది. చుట్టుమూగిన బాలురు ముక్కులు మూసికొని వెనుకకు గెంతెడివారు. ఆ ఘాటులో పాలుపంచుకొన్నది అమ్మోనియా. పశువుల కొట్టమును కొన్నాళ్లు కడుగకున్నచో వచ్చు ఘాటు అదియే. మంచుదిమ్మల కర్మాగారము ప్రక్కగా పోవునపుడు అప్పుడప్పుడు తగులు ఘాటును అదియే.

ఈ ఘాటు వాయువును ఇంధనముగ మండించి విద్యుత్తు తీయవచ్చునను మాట కొన్నేండ్లుగ బలముగ వినవచ్చుచున్నది. జపానులో యంత్రములు తిరిగినవి. సింగపూరు తన జురాంగ్ ద్వీపమున అమ్మోనియాతో 55 నుండి 65 మెగావాట్ల విద్యుత్కేంద్రమును తలపెట్టినది. మన కాకినాడలో ఏటా 10 లక్షల టన్నుల 'హరిత అమ్మోనియా' తీయుటకు ఏ.ఎం. గ్రీన్ అను హైదరాబాదు సంస్థ 2024లో పెట్టుబడి నిర్ణయము చేసినది. సముద్రతీరపు ఈ వార్తతో నిజామాబాదునకేమి పని అని పాఠకులు అడుగవచ్చును. పని ఉన్నది. వరి, చెరకు, పసుపు పండించు ఈ జిల్లా అమ్మోనియాను నిత్యము కొనుచునే ఉన్నది. యూరియా అను పేరుతో, బస్తాలలో. ఒకే వస్తువు పొలమునకు ఆహారమును, యంత్రమునకు ఇంధనమును కాబోవుచున్నప్పుడు ఎవరి వాటా ముందు అను ప్రశ్న బోధను రైతును తాకకుండ పోదు.

ముందుగా వస్తువును తెలిసికొందము. ఒక పాలు నత్రజని, మూడు పాళ్లు ఉదజని అణువులుగ కూడిన వాయువు అమ్మోనియా. నత్రజని గాలిలో అయిదింట నాలుగు వంతులున్నది. కాని మొక్క దానిని నేరుగ పీల్చుకొనలేదు. ఎదుట పంచభక్ష్యములున్నను నోరు కట్టివేసిన అతిథి వంటిది మొక్క. ఆ కట్టు విప్పిన వారు ఇరువురు జర్మనులు. ఫ్రిట్జ్ హేబరు 1909లో నత్రజనిని, ఉదజనిని అధిక పీడనమున, వేడిమిలో, లోహపు ఉత్ప్రేరకము సాయమున కలిపి చూపెను. కార్ల్ బాష్ దానిని కర్మాగారపు స్థాయికి తెచ్చి 1913లో ఓపావు పట్టణమున ఉత్పత్తి ప్రారంభించెను. నేడు ప్రపంచపు పంటలలో గొప్ప భాగము ఆ ఉపాయముపైననే నిలిచియున్నది.

ఇందు నత్రజని గాలినుండి ఉచితముగ వచ్చును. చిక్కంతయు ఉదజనితోనే. చిరకాలముగ దానిని సహజవాయువు నుండియో, బొగ్గు నుండియో తీయుచున్నారు. అట్లు తీయుటలో టన్ను అమ్మోనియాకు దాదాపు రెండు టన్నుల బొగ్గుపులుసు గాలి ఆకాశమున కలియును. సూర్యరశ్మి వలననో, గాలిమరల వలననో పుట్టిన విద్యుత్తుతో నీటిని విడగొట్టి ఉదజని తీసినచో ఈ దోషముండదు. అట్లు చేసిన దానిని హరిత అమ్మోనియా అనుచున్నారు. వాసనలో, రుచిలో, గుణములో రెంటికిని భేదము లేదు, పుట్టువులోనే భేదము. ఇది విద్యార్థులు గట్టిగ పట్టుకొనవలసిన సంగతి. సహజవాయువు నుండి అమ్మోనియా చేసి, ఆ అమ్మోనియాను మండించి దీపము వెలిగించినచో, సహజవాయువును నేరుగ మండించిన దానికంటె ఎక్కువ నష్టమే కాని లాభము లేదు. పొగ మన కంటికి కనబడదు. అమ్మోనియా చేసిన చోటనే లేచిపోయియుండును. అంతే తేడా.

నీటిని విడగొట్టి ఎరువు చేయుట మన దేశమునకు క్రొత్త కాదు. పంజాబులోని నంగల్ ఎరువుల కర్మాగారము 1961లో ప్రారంభమైనపుడు భాక్రా జలవిద్యుత్తుతోనే ఉదజనిని తీసెను. 'హరిత' అను మాట అప్పటికి పుట్టలేదు గాని పని అదియే. కొంతకాలమునకు ఆ విద్యుత్తు ఊళ్లకు, పొలములకు, ఇతర పరిశ్రమలకు కావలసివచ్చెను. కర్మాగారము ఇంధన తైలము దారి పట్టెను. విద్యుత్తు కరవైనపుడు, విద్యుత్తుతో అమ్మోనియా చేయుటయే బరువనిపించినది. ఆ అమ్మోనియాను తిరిగి విద్యుత్తుగ మార్చుమని నాడు ఎవరైనను సలహా ఇచ్చియుండినచో ఇంజనీర్లు నవ్వియుందురు. నేడు నవ్వుట లేదు. ఎందుకు నవ్వుట లేదో చూడవలెను.

ఉదజని స్వయముగ మంచి ఇంధనము; కాని నిలువచేయుటకు మొండిఘటము. దానిని ద్రవము చేయవలెనన్న సున్నకు దిగువ 253 డిగ్రీల చలి కావలెను. అమ్మోనియా సున్నకు దిగువ 33 డిగ్రీలకే ద్రవమగును. లేదా మామూలు వేడిమిలోనే పది వాతావరణముల పీడనముతో, మన వంటగ్యాసు వలెనే, తొట్టిలో అణగియుండును. దానిని ఓడలలో, గొట్టములలో, తొట్లలో మోయు విద్య నూరేండ్లుగ ప్రపంచమునకు తెలియును. కనుక అమ్మోనియాను ఉదజనికి బండిగ వాడుకొందమను ఆలోచన పుట్టినది. బండిని గమ్యమున విప్పుటకంటె బండినే పొయ్యిలో పెట్టిన సరిపోదా అనునది దాని తరువాతి మెట్టు.

అమ్మోనియాను మండించుట సులభమని మాత్రము ఎవరును అనుకొనరాదు. అది అంటుకొనుటకు సుమారు 650 డిగ్రీల వేడిమి కావలెను. అంటుకొన్నను మంట మందగమనము. సహజవాయువు మంట నడచు వేగములో అయిదవ వంతు. కిలోకు దాని వేడిమి సహజవాయువులో సగము కూడ లేదు. అయినను అవసరము మనిషిచేత ఏమి చేయింపదు? రెండవ ప్రపంచయుద్ధమున తైలము దొరకక బెల్జియములో 1943 ప్రాంతమున కొన్ని బస్సులను అమ్మోనియాతో, కొంత బొగ్గు వాయువు తోడు చేర్చి, నడిపిరి. 1960 దశకములో అమెరికా ఎక్స్-15 రాకెట్ విమానము ద్రవ అమ్మోనియాను, ద్రవ ఆమ్లజనిని మండించి ఆకాశపుటంచులను తాకి వచ్చెను. యుద్ధము ముగిసినది, బస్సులు తైలమునకు మరలినవి. విమానము ప్రదర్శనశాలకు చేరినది.

గ్యాసు టర్బైను మాట వేరు. బోధను చక్కెర మిల్లు వంటి చోట ఉండెడి ఆవిరి టర్బైనులో నిప్పు బయట ఉండును. బాయిలరు క్రింద పిప్పి వేయుడు, ఊక వేయుడు, కట్టె వేయుడు. యంత్రమునకు చేరునది ఆవిరియే. గ్యాసు టర్బైనులో నిప్పే యంత్రములోనికి వచ్చును. గాలిని గట్టిగ నొక్కి, అందులో ఇంధనమును మండించి, ఆ మండిన వాయువును నేరుగ రెక్కలపైకి వదలుదురు. తుపాను వంటి గాలిలో, అరచేతి మందము జాగాలో, రెప్పపాటున మంట పూర్తి కావలెను. మందగమనము గల అమ్మోనియా మంట అట్టి చోట ఆరిపోవును, లేదా సగము మండి సగము ఘాటుగనే పొగగొట్టమున పోవును.

ఇంతకంటె పెద్ద చిక్కు మరియొకటి. అమ్మోనియా శుద్ధముగ మండినచో మిగులునది నత్రజని, నీటియావిరి, అంతే. బొగ్గు అణువు అందులో లేదు గనుక బొగ్గుపులుసు గాలి పుట్టదు. కాని మంటలో వేడిమి, గాలి పాళ్లు అటునిటైనచో నత్రజని ఆమ్లజనితో చెలిమి చేసి నత్రజని ఆక్సైడులుగ మారును. వానిలో కొన్ని ఊపిరితిత్తులకు చేటు. నైట్రస్ ఆక్సైడు అనునది భూమిని వేడెక్కించుటలో బొగ్గుపులుసు గాలికంటె సుమారు 270 రెట్లు ఘోరమైనది. అది కొంచెము తప్పించుకొన్నను చేసిన పుణ్యమంతయు గంగపాలే.

దీనికి కనుగొన్న ఉపాయము చక్కనిది. మంటను రెండు గదులుగ విభజింతురు. మొదటి గదిలో గాలి తక్కువ, అమ్మోనియా ఎక్కువ. ఆమ్లజని కొరతలో నత్రజని అణువులు తమలో తామే జతగూడి విడిపోవును. రెండవ గదిలో మిగిలిన గాలి చేర్చి మిగిలిన ఉదజనిని కాల్చివేయుదురు. మంట చురుకు తెచ్చుటకు అమ్మోనియాలో కొంత భాగమును ముందే వేడితో విడగొట్టి ఉదజనిగ చేసి కలుపుటయు కలదు. ఇంకను మిగిలిన ఆక్సైడులను పొగగొట్టమునకు ముందు ఉత్ప్రేరకముపై అణచుదురు. అణచునది ఏమనుకొన్నారు? అమ్మోనియాయే. ముల్లును ముల్లుతోనే తీయవలెనని ఊరక అనలేదు.

ఈ విద్యలో ముందంజ వేసినది జపాను. ఫుకుషిమాలోని ప్రభుత్వ పరిశోధనాలయము, తొహోకు విశ్వవిద్యాలయము కలసి 2014లో చిన్న టర్బైనున కిరోసినుకు అమ్మోనియా తోడు చేసి మండించిరి; 2015లో అమ్మోనియాతోనే సుమారు 42 కిలోవాట్లు తీసిరి. ఐ.హెచ్.ఐ. సంస్థ 2022లో 2 మెగావాట్ల తరగతి టర్బైనును ద్రవ అమ్మోనియాతో మాత్రమే నడిపి చూపినది. జెరా అను విద్యుత్సంస్థ 2024 ఏప్రిలు నుండి జూను వరకు హెకినాన్ కేంద్రములో 10 లక్షల కిలోవాట్ల బొగ్గు యూనిటున ఇంధనములో 20 వంతులు అమ్మోనియా కలిపి మండించినది. ఇది టర్బైనులోని మంట కాదు, బాయిలరు క్రింది మంట. అయినను ఇంత పెద్ద యెత్తున అంతకుముందు జరుగలేదు. కాబట్టి 'మండునా?' అను ప్రశ్నకు 'మండును' అను జవాబు వచ్చివేసినది. మిగిలినది గిట్టుబాటు ప్రశ్న.

ఇక్కడ ఉపాధ్యాయ మిత్రులు సుద్దముక్క చేతబట్టవలెను. లెక్క తొమ్మిదవ తరగతి విద్యార్థికి మించినది కాదు. విద్యుత్తుతో కిలో అమ్మోనియా చేయుటకు దాదాపు 10 యూనిట్లు ఖర్చగును. ఆ కిలోలో దాగిన వేడిమి 18.6 మెగాజౌళ్లు, యూనిట్లలో చెప్పిన 5.17. టర్బైను అందులో నూటికి 40 వంతులు విద్యుత్తుగ మార్చిన వచ్చునది 2 యూనిట్లకు కొంచెము ఎక్కువ. టర్బైను విడిచిన వేడితో మరల ఆవిరి చేసి మరియొక యంత్రమును త్రిప్పు మేలైన కేంద్రములో 2.8 యూనిట్లు. పది పోసి రెండో మూడో తీసికొనుట. వడ్లు దంచి ఊక దాచుకొన్నట్లున్నదని ఎవరైన అనినచో తప్పు పట్టలేము.

ఇదే లెక్కను మన ఊరి కొలతలోనికి మార్చుదము. 45 కిలోల యూరియా బస్తాకు 25.5 కిలోల అమ్మోనియా పట్టును. దానిని టర్బైనులో మండించినచో 53 యూనిట్ల విద్యుత్తు. ఆ అమ్మోనియాను హరిత పద్ధతిలో చేయుటకు పట్టినది 255 యూనిట్లు. అయిదు అశ్వశక్తుల మోటారు 255 యూనిట్లతో సుమారు అరువది గంటలు నీరు తోడును. 53 యూనిట్లతో పండ్రెండు గంటలు. 2025లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎరువుల కర్మాగారముల కొరకు హరిత అమ్మోనియాను వేలమున పిలిచినపుడు ధర తగ్గి తగ్గి కిలో 50 రూపాయల దరిదాపునకు వచ్చినది. దీనిని ఎల్లరు గొప్ప విజయమనిరి, విజయమే. కాని ఆ ధరకు కొని మండించినచో ఇంధనపు ఖర్చే యూనిటుకు 24 రూపాయలు. మేలైన కేంద్రమైనచో 18 రూపాయలు. పగటి సూర్యవిద్యుత్తు వేలములలో యూనిటు రెండున్నర రూపాయల ప్రాంతమున దొరకుచున్నది.

అట్లయిన జపాను వారికి లెక్క రాదా? వచ్చును. వారి అవసరము వేరు. దీవుల దేశము, కొండలు పోగా సూర్యఫలకములు పరచుటకు జాగా తక్కువ, బొగ్గు, సహజవాయువు, తైలము సమస్తమును ఓడలపై తెచ్చుకొనవలసినదే. ఎట్లును ఓడలో తెచ్చుకొనువాడు బొగ్గుకు బదులు అమ్మోనియా తెచ్చుకొందునన్న అందులో వింత లేదు. ఎండ కాచు దేశము తన ఎండను ద్రవము చేసి అమ్ముచున్నది, ఎండ లేని దేశము కొనుచున్నది. కాకినాడ సంస్థ దృష్టియు జర్మనీ, సింగపూరు వంటి ఎగుమతి విపణులపై నున్నది.

మనకును ఒక సందర్భమున అమ్మోనియా పనికివచ్చునని న్యాయముగ ఒప్పుకొనవలెను. బ్యాటరీ విద్యుత్తును గంటలు నిలుపును. కర్నూలు సీమలోని పిన్నాపురము వద్ద కట్టినట్లు, నీటిని పగలు పైజలాశయమునకు ఎక్కించి రాత్రి దింపు కేంద్రములును గంటల లెక్కయే. వేసవి ఎండను శ్రావణ మాసపు ముసురునకు దాచగల పాత్ర వీనిలో ఏదియు కాదు. అమ్మోనియా తొట్టి నెలలైనను దాచును. సంవత్సరమున పది పదునైదు దినములు, వేరు గతి లేనప్పుడు, ఎంత ధరకైనను ఒప్పుకొని తిప్పు యంత్రముగ దానికొక చోటు ఉండవచ్చును. పెండ్లినాటి పట్టుచీర వంటిది. నిత్యము కట్టి పొలమునకు పోవునది కాదు.

ఈ భేదమును మరచిన ఫలము మన కళ్లయెదుటనే, గోదావరి తీరమున ఉన్నది. కృష్ణా గోదావరీ సముద్రగర్భమున వాయువు అపారమని విని జేగురుపాడు, వేమగిరి, రావులపాలెము దరి కోనసీమ, సామర్లకోట ప్రాంతములలో గ్యాసు టర్బైనులను వరుసగ నిలిపిరి. డి-6 క్షేత్రమునుండి 2009 ఏప్రిలున వాయువు వచ్చినది. రెండు మూడేండ్లలోనే ఎండనారంభించినది. 2013 మార్చి నుండి ఆ క్షేత్రపు వాయువు విద్యుత్కేంద్రములకు ఆగిపోయినది. కోట్లు పోసిన యంత్రములు దీపము లేని గుడులవలె నిలిచిపోయినవి. సామర్లకోటలో 2,400 మెగావాట్ల కొరకు తెచ్చిన సరంజామాలో ఒక భాగము ఒక్కదినమైనను ఇక్కడ తిరుగకయే బంగ్లాదేశములోని మేఘనాఘాట్ 718 మెగావాట్ల కేంద్రమునకు తరలిపోయినది. అక్కడ దాని భాగస్వామి ఎవరో తెలియునా? హెకినానులో అమ్మోనియా మండించిన జెరాయే. ప్రపంచము చిన్నది.

ఇప్పుడు ఈ నిద్రపోవు టర్బైనులకు అమ్మోనియా పోసి లేపవచ్చునా అని కొందరు అడుగుదురు. దహనపు గది మార్చవలెను, తొట్లు కట్టవలెను, రాగి, ఇత్తడి ఉన్న చోటెల్ల పెరికివేయవలెను, ఏలయన అమ్మోనియా వానిని తినివేయును. కళాయివాని ఇత్తడి పాత్రకు ఇది చెప్పిన ఏమనుకొనునో! గాలిలో పదివేలలో మూడు పాళ్లు కలిసినను ప్రాణాపాయమే గనుక జనావాసముల నడుమ తొట్లు కట్టుటకు ముందు చాల ఆలోచింపవలెను. ఇవన్నియు ఇంజనీర్లు చక్కబెట్టగలరు. కాని ఆ యంత్రములు నిద్రపోయినది తమ దోషమున కాదు, ఇంధనమున్నదని తలచి కట్టుట వలన. రేపు యూనిటు 20 రూపాయల ఇంధనమును నమ్మి మరల ఖర్చుపెట్టుట, ఎండిన బావికి క్రొత్త గిలక బిగించుటయే.

ఆ వాయువు తగ్గిన సంవత్సరములందే జరిగిన మరియొక సంగతిని ఎవరును అంతగ గమనింపలేదు. ఉన్న కొంచెము వాయువును ఎవరికీయవలెనను తర్కము వచ్చినపుడు కేంద్ర ప్రభుత్వము ఎరువుల కర్మాగారములకు ముందు, విద్యుత్తునకు వెనుక అని వరుస నిర్ణయించినది. పొలము ముందు, దీపము తరువాత. దీపమునకు బొగ్గున్నది, నీరున్నది, ఎండయున్నది. యూరియాకు అమ్మోనియా తప్ప గతిలేదు. ఆ తీర్పు నాకు సబబుగనే తోచుచున్నది. హరిత అమ్మోనియా విషయమునను దానిని తిరుగదోడుటకు కారణము కనబడదు.

రామగుండము ఇందుకు సాక్షి. అచ్చట 1980లో బొగ్గునుండి అమ్మోనియా తీయు కర్మాగారము మొదలై, యంత్రములు సరిగ పనిచేయక, 1999లో మూతపడినది. అదే స్థలమున కట్టిన క్రొత్త కర్మాగారము 2021లో ఉత్పత్తి ప్రారంభించినది. 2022 నవంబరున జాతికంకితమైనది. గోదావరి ప్రాంతమునుండి గొట్టపు మార్గమున వచ్చు వాయువుతో దినమునకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా చేయు శక్తి దానికున్నది. అయినను 2025 వానాకాలమున తెలంగాణ జిల్లాలలో యూరియా కొరకు రైతులు తెల్లవారకమునుపే సహకార సంఘముల ముందు బారులు తీరిరి. నిలువలేక చెప్పులను వరుసలో పెట్టి ప్రక్కన కూర్చున్నవారి ఛాయాచిత్రములు పత్రికలలో వచ్చినవి. రాయితీతో 266 రూపాయల 50 పైసలకు వచ్చు బస్తా కొరకు అంత నిరీక్షణ. కాకినాడలో తలపెట్టిన 10 లక్షల టన్నుల అమ్మోనియా యూరియా లెక్కన దాదాపు 3 కోట్ల 90 లక్షల బస్తాలకు సరిపడు నత్రజని. దానినే టర్బైనులలో మండించినచో ఏడాది పొడవున నిలుకడగ వచ్చునది 236 మెగావాట్లు. దానిని చేయుటకు ఏడాది పొడవున లోపలికి పోయినది 1,140 మెగావాట్లు.

ఇక బోధను. మంజీరపై 1923లో మొదలిడి 1931లో పూర్తి చేసిన నిజాంసాగరము కాలువల వెంట చెరకు పెరిగినది. చెరకు వెంట 1937లో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. కర్మాగారము వెంట శక్కర్‌నగర్ అను ఊరే లేచినది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపొందిన ఆ మిల్లు కథలో మన ప్రశ్నకు సంబంధించిన పాలు ఒకటున్నది. టన్ను చెరకు గానుగాడిన సుమారు 300 కిలోల పిప్పి మిగులును, సగము తడితో. మిల్లులు ఆ పిప్పినే బాయిలరున వేసి ఆవిరి తీయును; ఆవిరి ముందు టర్బైనును త్రిప్పి విద్యుత్తునిచ్చును; అలసి బయటికి వచ్చిన ఆవిరియే చెరకు రసమును మరిగించును. ఒక నిప్పుతో రెండు పనులు. కొనుటకు ఇంధనము లేదు. అధిక పీడనపు బాయిలర్లు గల నేటి మిల్లులు తమ అవసరము తీరగా టన్ను చెరకుపై సుమారు నూరు యూనిట్లను బయటికి పంపగలవు. హరిత ఇంధనమను పేరు లేకుండ హరితముగ బ్రతికిన యంత్రమిది. మండించుటకు తగినది పిప్పి. అది పొలమునకు ఎరువు కాదు, మనిషికి తిండి కాదు.

శక్కర్‌నగర్ మరియొక విద్యయు నేర్చెను. చక్కెర తీయగా మిగిలిన మడ్డిని పులియబెట్టి పవర్ ఆల్కహాలు తీసి మోటారు బండ్లకు పెట్రోలుతో కలిపి వాడిరి. నేడు పెట్రోలులో ఇథనాలు కలుపుట క్రొత్త సంగతిగ చెప్పుకొనుచున్నాము. బోధనులో అది తాతలనాటిది.

ఆ మిల్లు 2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు పోయి, 2015 డిసెంబరున మూతపడినది. యాజమాన్యపు మార్పులు, బకాయిలు, తగ్గిన చెరకు. కారణముల తీర్పు ఇచ్చట తలపెట్టలేదు. 2024 జనవరిలో పునరుద్ధరణ విషయమును పరిశీలించుటకు ప్రభుత్వము సంఘమును నియమించినది. నిజామాబాదు దరి సారంగపూరు సహకార మిల్లు సైతము మూతపడినదే. ఇంధనము లేక గోదావరి టర్బైనులు, చెరకు లేక బోధను గానుగలు. యంత్రపు ఆకలి ఎక్కడైన నొకటే.

మిల్లులు మరల తెరచుకొన్నచో అమ్మోనియాతో వానికొక చుట్టరికము కలుపవచ్చును. ఇది నా ఊహ మాత్రమే కాదు, రసాయన శాస్త్రపు లెక్క. హరిత అమ్మోనియాకు ఒక లోపమున్నది: అందులో బొగ్గుపులుసు గాలి ఉపఫలముగ రాదు. యూరియా చేయుటకు అమ్మోనియాతో పాటు ఆ గాలియు కావలెను. నేడు సహజవాయువు కర్మాగారములలో అది తానుగ లభించుచున్నది. సూర్యుని నమ్ముకొన్నచో దానిని వేరుగ వెదకవలెను. కనుకనే 2025 వేలములోని హరిత అమ్మోనియా యూరియాకు కాక, ఆ గాలి అక్కరలేని ఇతర ఎరువులకు పోవుచున్నది. మరి శుద్ధమైన బొగ్గుపులుసు గాలి ఎక్కడ దొరకును? మడ్డి పులియు తొట్లలో. లీటరు ఆల్కహాలు పుట్టునప్పుడు ముప్పాతిక కిలో గాలి బుడగలై పైకి పోవును. కిలో యూరియాకు కావలసినదియు దాదాపు ముప్పాతిక కిలోయే. లీటరుకు కిలో, ఇంత సులువైన నిష్పత్తి రసాయన శాస్త్రములో తరచుగ దొరకదు. దినమునకు లక్ష లీటర్ల డిస్టిలరీ బుడగలతో నూరు టన్నుల యూరియా, అనగా 2,200 బస్తాలు.

రామగుండపు 3,850 టన్నుల ప్రక్కన ఇది చిన్న ముంతయే. చిన్న యూరియా యంత్రము పెద్దదానితో ధరలో పోటీపడుట కష్టము. నూరు టన్నుల యూరియాకు కావలసిన 57 టన్నుల అమ్మోనియాకు దినమున 5,70,000 యూనిట్ల విద్యుత్తు కావలెను. అంత సూర్యవిద్యుత్తునకు జాగా, నిలువ, తీగలు కావలెను. అయినను పోసిన విద్యుత్తు ఇక్కడ పైరుగ తిరిగివచ్చును. టర్బైనులో అయిదింట నాలుగు వంతులు వేడిగ గాలిలో కలిసిపోవును. మంజీర కాలువ క్రింద మరల చెరకు నిలచి, శక్కర్‌నగర్ తొట్లు మరల పొంగిన నాడు, ఆ బుడగలను పట్టుటకు ఎవరైన మూత సిద్ధము చేసియుందురా?